నీలి బూడిద రంగు గోడలు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

నీలి బూడిద రంగు వేయించిన తరువాత తలెత్తే ఇబ్బందుల్లో చాలావరకు డబ్బాలోని రంగు వల్ల వచ్చేవి కావు. గదిలోని వెలుగు వల్లనో, గోడ లోపలి స్థితి వల్లనో వచ్చేవి. కాబట్టి పెయింటరును మళ్లీ పిలిచే ముందు మీ ఇబ్బంది ఏ రకమైనదో తేల్చుకోవాలి.

షేడ్ కార్డులో బూడిదగా ఉన్నది గోడ మీద నీలంగా కనిపిస్తోంది

ఈ రంగులో నీలం పాలు కొద్దిగానే ఉన్నా, చుట్టూ ఉన్న వెలుగు దానిని పైకి తెస్తుంది. ఉత్తరపు కిటికీ ఒక్కటే ఉన్న గదిలోకి ఏడాదిలో ఎక్కువ భాగం నేరుగా ఎండ రాదు. వచ్చేదంతా ఆకాశం నుంచి చెదిరి వచ్చే వెలుగు, అందులో నీలం ఎక్కువ. దానికి తోడు మన ఇళ్లలో విరివిగా వాడే 6500 కెల్విన్ల (వెలుగు ఛాయకు కొలత, అంకె పెరిగేకొద్దీ నీలం, తగ్గేకొద్దీ పసుపు) తెల్లని ఎల్‌ఈడీ దీపాలు వెలిగిస్తే గది ఆసుపత్రి వార్డులా తోస్తుంది. పక్కన పాలిష్ చేసిన టేకు తలుపులు ఉంటే, వాటి నారింజ ఛాయకు ఎదురుగా నిలిచి నీలం ఇంకా తేటపడుతుంది.

ముందుగా దీపం మార్చి చూడండి. అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో అయ్యే పరీక్ష ఇదే. బల్బు పెట్టె మీద 4000 కెల్విన్లు అని రాసి ఉన్నది తెచ్చి, రెండు మూడు రాత్రులు గమనించండి. ఒకేసారి 2700 కెల్విన్ల పసుపు దీపానికి వెళ్లడాన్ని నేను సమర్థించను, ఎందుకంటే ఆ వెలుగులో నీలం అణిగిపోయి గోడ మాసినట్టు, కొన్ని షేడ్లలో ఆకుపచ్చగా కూడా కనిపిస్తుంది. పగటిపూట సైతం నీలమే మిగిలితే షేడ్ మార్చక తప్పదు. అప్పుడు రెండడుగుల చదరపు అట్ట మీద రెండు పూతలు వేసి, పూర్తిగా ఆరనిచ్చి, ఒక్కొక్క గోడకు ఆనించి ఉదయం, సాయంత్రం, దీపాల వెలుగులో చూసి నిర్ణయించుకోండి.

గోడ మీద అతుకులు కనిపిస్తున్నాయి

గుంతలు, గీతలు పూడ్చే పుట్టీ పెట్టిన చోట ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) వేయకపోతే అక్కడ రంగు ఎక్కువగా పీల్చుకుంటుంది. ఫ్యాను తిరుగుతుండగా ఎండాకాలంలో వేస్తే రోలర్ అంచులు త్వరగా ఆరిపోయి చారలు పడతాయి. మచ్చ ఉన్నంత మేరకే దిద్దితే కొత్త మచ్చ ఏర్పడుతుంది. పుట్టీ పెట్టిన చోట్ల ప్రైమర్ వేసి, మూల నుంచి మూల వరకు ఆ గోడ మొత్తానికి ఒక కోటు వేయించడమే దారి. మెషిన్‌లో కలిపించిన డబ్బాల మధ్య స్వల్ప తేడా ఉండవచ్చు కనుక, ఒక గదికి కావలసిన రంగునంతా పెద్ద బకెట్లో కలిపి వాడమనండి.

గోడ అడుగున తెల్లని పొడి తేలుతోంది

తెల్లగోడ మీద కంటికి ఆనని ఈ పొడి నీలి బూడిద మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇది గోడలోని చెమ్మ ఆరుతూ పైకి తెచ్చిన ఉప్పు. పక్కన స్నానాలగది ఉంటే పైపు కారుతోందేమో, బయటి గోడ అయితే పగుళ్లు ఉన్నాయేమో ముందు చూడండి. నీరు వచ్చే చోటు మూయకుండా ఎంత ఖరీదైన రంగు వేసినా అది పెచ్చులుగా లేస్తుంది. చెమ్మ ఆగి గోడ ఆరాక పొడిని తడి లేని బ్రష్‌తో దులపాలి. నీటితో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం 28 రోజులు ఆగిన తరువాతే ప్రైమర్ వేయించండి.

చేతులు తగిలే చోట మెరుపు వస్తోంది

మ్యాట్ (మెరుపు లేని) ముదురు రంగులకు రాపిడి తగిలితే ఇలా అవుతుంది. స్విచ్‌ల చుట్టూ, నడవాలో తుడవడానికి వీలైన, కాస్త మెరుపున్న ఎమల్షన్ (నీటితో కలిపే గోడ రంగు) ఎంచుకుంటే సరిపోతుంది.