మీసాల చేప ఇంటికొచ్చింది, దాని పేరేమో తెలీదు

మా అపార్ట్‌మెంట్‌లో పై ఫ్లోర్ వాళ్లు బెంగళూరుకి మారిపోతూ ఒక పెయింట్ బకెట్ తెచ్చి మా గుమ్మంలో పెట్టారు. లోపల బెత్తెడు చేప. పేరేంటని అడిగితే ఆ ఇంటావిడ "షాపతను షార్క్ అన్నాడండీ, ఏం చెయ్యదు, తిండి పెడితే చాలు" అంది. మూతి దగ్గర మీసాలు చూడగానే నాకు అర్థమైంది, షార్కూ కాదు ఏమీ కాదు, క్యాట్‌ఫిష్ అని. క్యాట్‌ఫిష్‌లలో ఏదన్నది తెలుసుకునేదాకా ట్యాంకు కొనకండి. ఒకటి మన బొటనవేలంత దగ్గర ఆగిపోతుంది, ఇంకొకటి మన ఎత్తుకి పోటీ వస్తుంది, రెండూ చిన్నప్పుడు అదే కవర్లో అమ్ముతారు.

ముందు దాన్ని మిగతా చేపలతో కలపకండి. మూతున్న పెద్ద ప్లాస్టిక్ టబ్బులో క్లోరిన్ లేని నీళ్లు, ఒక ఎయిర్ పంప్, అంతే. వలతో మాత్రం పట్టకండి. నేను పట్టాను. వీపు రెక్క మొదట్లోనూ రెండు పక్క రెక్కల్లోనూ ఉండే ముళ్లు నిటారుగా లేచి వలలో ఇరుక్కుపోయాయి, చేప గిలగిల్లాడుతుంటే కత్తెరతో వల కత్తిరించాల్సి వచ్చింది. డబ్బాతో నీళ్లతో సహా ముంచి ఎత్తండి. ముల్లు గుచ్చుకుంటే చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో పెట్టండి, నొప్పి తగ్గుతుంది. వాపు ఎక్కువైతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇప్పుడు ఫోన్ తీసి మూడు ఫొటోలు: పక్క నుంచి, పై నుంచి, గాజుకి ఆనుకున్నప్పుడు నోటి కింద నుంచి. అసలు జవాబు ఎక్కువసార్లు ఆ మూడో ఫొటోలో ఉంటుంది. నోరు కిందికి తిరిగి గుండ్రటి గిన్నెలా గాజుకి అతుక్కుంటే అది సక్కర్. అప్పుడు వీపు రెక్కని నిలబెట్టే పుల్లలు లెక్కపెట్టండి. పది, అంతకంటే ఎక్కువుంటే జానెడున్నర, రెండు జానలు పెరిగే పెద్ద రకం. పాచి తిని ట్యాంకు కడుగుతుందని అమ్ముతారు గానీ అది కడిగేదానికంటే విసర్జించేదే ఎక్కువ, రాత్రిళ్లు గోల్డ్‌ఫిష్ ఒంటి జిగురు కూడా నాకుతుంది. మూతి మీద కొమ్మల్లాంటి కండ మొలకలుంటే బ్రిసిల్‌నోజ్, అది అయిదారు అంగుళాల దగ్గర ఆగుతుంది, ఇంటికి మంచి చేప.

పక్కల రెండు వరుసల్లో పెంకుల్లాంటి పలకలుండి, నేలని తవ్వుకుంటూ తిరిగే బుజ్జిది కోరిడోరాస్. రెండు అంగుళాలు, మహా అయితే మూడు. ఆరు చేపలైనా ఉంటేనే హుషారుగా ఉంటాయి. చదునైన తల, ఎనిమిది మీసాలు, మెడ నుంచి తోక దాకా ఒకటే పొడవైన వీపు రెక్క ఉంటే మన చెరువుల్లో దొరికే మార్పు అనే చేప జాతి. గాలి కూడా పీలుస్తుంది, మూత లేకపోతే తెల్లారేసరికి సోఫా కింద దొరుకుతుంది. ఇందులో ఆఫ్రికన్ రకం పెంపకాన్ని 2000లోనే కేంద్రం నిషేధించింది, షాపుల్లో పిల్లగా కనిపించినా కొనొద్దు. వీపు మీద రెండో మెత్తటి రెక్క, ఒంటి మీద పొడుగు చారలు, ఎనిమిది మీసాలుంటే చెరువు జెల్ల. ఎర్ర తోక, తెల్ల పొట్ట ఉన్నది రెడ్‌టెయిల్, మీటరు దాటుతుంది, వద్దనే చెప్తా.

మా బకెట్లోది వెండి రంగు, నల్ల చారలు, నాలుగే మీసాలు, చీలిన తోక. అంటే పంగాస్, సూపర్ మార్కెట్లో బాసా పేరుతో ముక్కలుగా దొరికే చేప. నదుల్లో స్వేచ్ఛగా పెరిగితే మీటరు పైనే. ఊరికే బెదిరి గాజుకి గుద్దుకుంటుంది.

ఇక ఇల్లు. రెండడుగుల ట్యాంకంటే 2×1×1 అడుగులు, 56 లీటర్లు: కోరిడోరాస్‌లకి సరిపోతుంది. బ్రిసిల్‌నోజ్‌కి మూడడుగులు తీసుకోండి. పెద్ద సక్కర్‌కి నాలుగడుగులది కూడా తర్వాత చాలదు. అందులోనూ 4×1.5×1.5 అంటే 255 లీటర్లు, స్టాండు కాకుండా నీళ్లే 255 కిలోలు, బాల్కనీలో కాదు, గోడ పక్కన పెట్టండి. అడుగున పదునైన రంగు రాళ్లు వద్దు, మీసాలు అరిగిపోతాయి. నున్నటి సన్న ఇసుకని నీళ్లు తేటపడేదాకా కడిగి వేయండి. దాక్కోవడానికి హార్డ్‌వేర్ షాపులో పీవీసీ పైపు ముక్క చాలు, అంచులు గీరుకోకుండా రుద్దండి. అంతకంటే చవకగా, పగిలిన కుండ.

ఫిల్టర్ పెట్టిన రోజే చేపని దించకండి. చేప విసర్జనలోంచి వచ్చే విషం, అమ్మోనియాని అణిచే బ్యాక్టీరియా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తెలిసినవాళ్ల పాత ఫిల్టర్ స్పాంజి ముక్క అడిగి తెచ్చుకుంటే త్వరగా అవుతుంది. మంజీరా (హైదరాబాద్ కొళాయి) నీళ్లకి యాంటీ క్లోరిన్ చుక్కలు తప్పనిసరి. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు గానీ బాగా హార్డ్, అంటే లవణాలెక్కువ, అందుకే ఒకసారి ఏ నీళ్లు పోస్తే ఎప్పుడూ అవే పోయండి. వారానికి పావు వంతు మార్చండి. మే నెలలో నీళ్లు కాగిపోతే టేబుల్ ఫ్యాన్ నీటి మీదికి తిప్పండి, ఐసు ముక్కలు వేయకండి. తిండి లైట్లు ఆపాక, అడుగుకి మునిగే గుళికలు. సక్కర్ జాతికి కీరా ముక్క, సొరకాయ, ఒక చెక్క ముక్క. జబ్బు చేస్తే సగం మోతాదు మందే, వీటికి పొలుసులుండవు, మందులు తట్టుకోలేవు.

పెద్దదైపోతే చెరువులో వదలడం మాత్రం చెయ్యొద్దు. సక్కర్లు అలా వదిలినవే కృష్ణలో వలలు చింపుతున్నాయి. మా పంగాస్‌ని మేం శామీర్‌పేట దగ్గర సొంత చేపల చెరువున్న ఒక తెలిసినాయనకి ఇచ్చాం. ఇంట్లో 56 లీటర్ల ట్యాంకు మిగిలింది. ఇప్పుడు అందులో ఆరు కోరిడోరాస్‌లు ఇసుకలో మూతులు దూర్చుకుని తిరుగుతున్నాయి.