మనసు గురించిన ప్రశ్నను రెండు శాస్త్రాలతో పరిశీలించడం ఎలా?

మనసు గురించి ఏదైనా తెలుసుకోవాలనుకున్నప్పుడు ముందుగా మెదడు బొమ్మ ముందేసుకుని కూర్చోకండి. మీ ప్రశ్న ఏ ప్రవర్తన గురించో మొదట కాగితం మీద రాసుకోండి. ‘జ్ఞాపకశక్తి’ అని రాస్తే చాలదు. ఇప్పుడే విన్న ఫోన్ నంబరును కాసేపు మనసులో నిలుపుకోవడం, నిన్నటి సంఘటనను తలచుకోవడం, సైకిల్ తొక్కడం వేరువేరు సామర్థ్యాలు కావచ్చు. వీటిని విడదీసి, ఒక్కోదానికి తగిన పరీక్షను రూపొందించేది మనస్తత్వశాస్త్రం.

ఆ విభజన మెదడులోనూ ఉందా అన్నది తర్వాతి ప్రశ్న. దీనికి జవాబు వెతికేది రెండో శాస్త్రం, నాడీశాస్త్రం. 1953లో, మందులకు లొంగని మూర్ఛను తగ్గించేందుకు, హెన్రీ మోలైసన్ అనే అమెరికన్ యువకుడి మెదడులో ఇరువైపులా లోపల ఉండే హిప్పోక్యాంపస్ అనే భాగంలో చాలా మేరకు తొలగించారు. మూర్ఛలు తగ్గాయి గానీ, ఆ తర్వాత జరిగిన సంగతులు ఆయనకు గుర్తుండటం దాదాపుగా ఆగిపోయింది. మనస్తత్వశాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ ఆయన చేత ఒక నక్షత్రాన్ని గీయించారు. తన చేతిని అద్దంలో మాత్రమే చూసుకుంటూ, జంటగీతల మధ్య నుంచి పెన్సిల్ పక్కకు పోకుండా గీయాలి. మొదట చేయి పదే పదే గీత దాటినా, మూడు రోజుల సాధనలో తప్పులు బాగా తగ్గాయి. అయినా ఆ పని అంతకుముందు చేసిన గుర్తే ఆయనకు లేదు. సంఘటనల జ్ఞాపకం, చేతి నైపుణ్యం మెదడులో వేరువేరు మార్గాల్లో నడుస్తాయని ఇలా తేలింది. ఈ సంగతి శస్త్రచికిత్స ఒక్కటే చెప్పగలిగేది కాదు, నక్షత్రం పరీక్ష ఒక్కటే చెప్పగలిగేదీ కాదు.

స్కాన్ చిత్రాల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. పనిచేస్తున్న మెదడును చూపే ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐ స్కాన్ నాడీకణాల సంకేతాలను నేరుగా కొలవదు. రక్తంలో ఆక్సిజన్ స్థాయి మార్పులను పట్టుకుంటుంది, అవి కొన్ని సెకన్లు ఆలస్యంగా కనిపిస్తాయి. ‘అమిగ్డలా చురుకైంది కాబట్టి ఆ వ్యక్తి భయపడ్డాడు’ అన్న వాక్యం కనబడితే అక్కడే ఆగండి (పత్రికల్లో ఇది తరచుగా కనబడుతుంది). భావోద్వేగాలతో ముడిపడిన ఆ మెదడు భాగం కొత్త విషయాలకూ, ఆహ్లాదకరమైనవాటికీ కూడా స్పందిస్తుంది. స్కానర్‌లో ఉన్న వ్యక్తికి ఏ పని అప్పగించారు, దాన్ని మరే పనితో పోల్చి చూశారు అని వెతకండి. పోలిక చెప్పని చిత్రానికి విలువ తక్కువ.

చివరగా, స్కాన్‌లో చురుగ్గా కనిపించిన మెదడు భాగం దెబ్బతిన్నవారిలో గానీ, తల బయటి నుంచి ఇచ్చే అయస్కాంత ప్రేరణతో దాని పనిని తాత్కాలికంగా మార్చినప్పుడు గానీ, మీరు మొదట కాగితం మీద రాసుకున్న ప్రవర్తన మారుతోందో లేదో చూడండి. మారకపోతే, ఆ ప్రవర్తనకు ఆ భాగమే కారణమని రాయకండి.