నడిసముద్రంలో ఖాళీ రోజు ఎలా గడపాలంటే

గుంటూరు బ్రాడీపేటలో మాది కర్రీ పాయింట్. పద్నాలుగేళ్లుగా తెల్లారి నాలుగింటికి లేచి ఉల్లిపాయల ముందు కూర్చోవడమే నా పని. అలాంటి నన్ను మా అమ్మాయి మొన్న డిసెంబర్లో ముంబై నుంచి లక్షద్వీప్ వెళ్లొచ్చే ఓడ ఎక్కించింది. విజయవాడలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ముంబైలోని సీఎస్‌ఎమ్‌టీ స్టేషన్లో దిగితే, ఓడ ఎక్కే బల్లార్డ్ పియర్ అక్కడికి దగ్గరే. దీవిలో ఏం చూడాలో అందరూ చెప్పారు. కానీ పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి, రెండు రోజులు చుట్టూ నీళ్లు తప్ప ఏమీ ఉండవు. వాటి సంగతి ఎవరూ చెప్పలేదు. మొదటిది నేను పాడు చేసుకున్నాను, రెండోది బాగా గడిపాను. అందుకే రాస్తున్నాను.

ముందు ఫోన్ సంగతి. తీరం దాటాక సిగ్నల్ పోతుంది. అప్పుడు మన ఫోన్ ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్ పట్టుకుందంటే రోమింగ్ బిల్లు వాచిపోతుంది. ఓడ కదలగానే ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయండి. ఇంట్లోవాళ్లకీ, షాపులో కుర్రాడికీ చెప్పాల్సినవన్నీ రేవులోనే చెప్పేయండి.

ఎక్కిన రోజే సేఫ్టీ డ్రిల్ పెడతారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే ఎక్కడికి రావాలో చూపిస్తారు. తప్పించుకోకండి. అది చూశాకే నాకు రాత్రి నిద్ర పట్టింది.

రోజూ ఆ రోజు కార్యక్రమాల కాగితం ఇస్తారు. డబ్బు కట్టాం కదా అని మొదటి రోజు నేను అన్నిటికీ టిక్కు పెట్టుకున్నాను. క్విజ్, డ్యాన్స్ క్లాసు, తంబోలా, మ్యాజిక్ షో. లిఫ్ట్ దగ్గర క్యూలో నిలబడలేక మెట్లెక్కీ దిగీ సాయంత్రానికి మోకాళ్లు పట్టేశాయి. సంక్రాంతి ముందు షాపులో కూడా అంత తిరగను! రెండు పెట్టుకోండి చాలు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి.

వచ్చేటప్పుడు నాలుగింటికే మెలకువ వచ్చింది, అలవాటు పోతుందా. ఈసారి టీ కప్పు పట్టుకుని డెక్ మీదికి వెళ్లాను. నేల తుడిచే అబ్బాయిలు తప్ప మనిషి లేడు. రెయిలింగ్ తడిగా, ఉప్పుగా ఉంది. కాస్త వెలుగు రాగానే ఓడ పక్కన నీళ్లలోంచి గుప్పెడు రేకు ముక్కలు విసిరినట్టు ఏవో లేచాయి. ఎగిరే చేపలు! గాల్లో తేలుతూ పోయి మళ్లీ మునిగాయి. ఏడు దాటితే ఆ చోటంతా సెల్ఫీలవాళ్లది. కాబట్టి నిద్ర ఎక్కువ పోవాలంటే మధ్యాహ్నం పోండి, తెల్లవారుజాము మాత్రం వదలకండి.

కూర్చునే చోటుకి ఒక లెక్క ఉంది. ముంబై నుంచి లక్షద్వీప్‌కి ఓడ దక్షిణంగా పోతుంది. కాబట్టి ముందుకి తిరిగి నిలబడితే సూర్యుడు ఎడమ పక్క వస్తాడు, కుడి పక్క దిగుతాడు. మధ్యాహ్నం నీడ కావాలంటే ఎడమ పక్క కుర్చీ పట్టుకోవాలి. తిరుగు ప్రయాణంలో ఇదంతా తారుమారు. మన సూర్యలంకలో పొద్దు సముద్రంలోంచి పొడుస్తుంది గానీ, కుంకేది ఊళ్ల వైపే. ఓడ మీద రెండూ నీళ్లలోనే, ఒకే రోజు.

కడుపులో తిప్పితే క్యాబిన్‌లో ముడుచుకుని ఫోన్ చూడకండి. మా ఆయన అదే చేశారు. చెవి లోపల ఊగుతున్నామని తెలుస్తుంటుంది, కళ్లకేమో కదలని గోడ కనపడుతుంది, ఆ పేచీకే తల తిరుగుతుంది. ఓడ మధ్య భాగంలో ఊపు తక్కువ. అక్కడ గాలి తగిలే చోట కూర్చోబెట్టి, ఆకాశం నీళ్లని తాకే గీతనే చూడమన్నాను. అల్లం మురబ్బా ముక్క నోట్లో పెట్టాను. అరగంటకి ఇడ్లీ ఉందా అని అడిగారు. మాత్రలు కావాలంటే బయల్దేరే ముందే డాక్టర్ని అడిగి తీసుకోండి, వాంతులు మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయవు.

తిండికి బఫే తెరవగానే కానీ, మూసే ముందు కానీ వెళ్లండి. మధ్యలో రద్దీ. నేనైతే ట్రేల ముందు నిలబడి పన్నీరు ఎన్ని కిలోలు పట్టి ఉంటుందో లెక్కేస్తుంటే మా ఆయన చెయ్యి పట్టుకుని లాక్కెళ్లారు. పప్పులో పోపు చాల్లేదు, అంతవరకూ చెప్పగలను. ఇంట్లో పెట్టిన గోంగూర పచ్చడి సీసా ఎక్కేటప్పుడే ఆపేశారు. మీరు ముందే అడిగి కనుక్కోండి.

మధ్యాహ్నం మూడింటికి ఓడ వెనక చివరికి వెళ్లి కూర్చున్నాను. తెల్లటి నురగ దారి ఎంత దూరం పోతుందో చూస్తూ ఉన్నాను. ఓడ 16 నాట్ల వేగంతో పోతోందని టీవీలో చూపిస్తున్నారు, అంటే గంటకు 30 కిలోమీటర్లు కూడా లేదు. తొందరపడేది ఏదీ లేదక్కడ. కాసేపటికి టైమ్ చూస్తే ఐదున్నర! షాపులో సాయంత్రం కూరలు దించే వేళ అది. నాకు గుర్తే రాలేదు.

చివరి రాత్రి పెట్టెలు గది బయట పెట్టమంటారు, వాళ్లే దించుతారు. మందులు, ఆధార్, ఒక జత బట్టలు చేతి సంచిలో ఉంచుకోండి. నేను నావి ఉంచుకుని, మా ఆయన ప్యాంట్లన్నీ పెట్టెలో సర్దేశాను. మర్నాడు పొద్దున ఆయన ముంబైలో లుంగీతో దిగారు.