కొత్త పీసీలో ఫ్యాన్లు తిరుగుతాయి, డిస్‌ప్లే రాదు: ముందు ఏం చూడాలి?

"అన్నా, అన్నీ బిగించాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి. మానిటర్‌లో మాత్రం నో సిగ్నల్ అంటోంది." ఈ ఫోన్ నాకు ఎప్పుడూ రాత్రి పదకొండు తర్వాతే వస్తుంది. పగలంతా సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో తిరిగి పార్టులు కొని, భోంచేసి, హాల్లో చాప పరుచుకుని బిగిస్తారు మరి.

నేను అడిగేది ఒకటే: కేబుల్ ఎక్కడ పెట్టావ్?

ఇలా అడిగితే కొందరికి కోపం వస్తుంది, రానివ్వండి. గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటర్ కేబుల్ ఆ కార్డుకే పెట్టాలి, పైన మదర్‌బోర్డుకున్న పోర్టుకి కాదు. 12400ఎఫ్ లాగా పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండవు. ఏఎండీ రైజెన్ 5 5600లోనూ ఉండవు. బోర్డు పోర్టులో పెట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నా బొమ్మ రాదు. అసలు కార్డే కొనలేదంటారా, అయితే కార్డు కొనాలి, లేదంటే ప్రాసెసర్ మార్చుకోవాలి.

తర్వాత, ప్రాసెసర్ పక్కన బోర్డు అంచున ఉండే 8 పిన్నుల పవర్ కనెక్టర్. పెద్ద 24 పిన్నులది పెట్టేసి దీన్ని మర్చిపోతారు. గ్రాఫిక్స్ కార్డు కేబుల్‌కీ 8 పిన్నులే ఉంటాయి కానీ అది వేరు, దూరకపోతే బలవంతం చేయకండి. ర్యామ్ టక్కుమని కూర్చోవాలి. నాలుగు స్లాట్లున్న బోర్డులో ఒక్కటే స్టిక్ ఉంటే మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్. ర్యామ్ డీడీఆర్5 రకం అయితే మొదటిసారి కొన్ని నిమిషాలు ఆగండి. బోర్డు ర్యామ్‌ని సరిచూసుకుంటుంది, మీరు టెన్షన్ పడి స్విచ్ ఆపేస్తే మళ్లీ మొదటికే.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా రాలేదా? అప్పుడు నన్ను బాగా ఏడిపించిన కారణానికి వద్దాం.

2021లో మా బాబాయి కొడుక్కి పీసీ కట్టాను. రైజెన్ 5 5600ఎక్స్, బీ450 బోర్డు. రెండూ ఏఎం4 సాకెట్టే (ప్రాసెసర్ కూర్చునే గూడు), ప్రాసెసర్ వెన్నలా కూర్చుంది. ఆన్ చేస్తే ఫ్యాన్లు తప్ప ఏమీ లేదు. ర్యామ్ అనుకుని మార్చాం. ఎస్ఎంపీఎస్ (లోపలి పార్టులకి కరెంటిచ్చే డబ్బా) అనుకుని పక్కింటి అబ్బాయిది అడిగి తెచ్చాం. చివరికి బోర్డు పోయిందని తేల్చేసి, బాక్సు ఒళ్లో పెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ప్యారడైజ్‌లో దిగి షాపుకి పోయాం. ఒకసారి కాదు, రెండుసార్లు. రెండోసారి కౌంటర్ వెనకున్న కుర్రాడు మా ప్రాసెసర్ తీసి, తన దగ్గరున్న పాత రైజెన్ పెట్టి ఆన్ చేశాడు. స్క్రీన్ మీద లోగో వచ్చేసింది. నా ముఖం చూడాలి అప్పుడు.

సంగతేంటంటే, బీ450 బోర్డులు 2018లో వచ్చాయి, రైజెన్ 5000 ప్రాసెసర్లు 2020 నవంబరులో. బోర్డు తయారైనప్పుడు దానిలో వేసిన బయోస్‌కి, అంటే ఆన్ చేయగానే పీసీని మేల్కొలిపే చిన్న సాఫ్ట్‌వేర్‌కి, తర్వాత పుట్టిన ప్రాసెసర్ ఎవరో తెలియదు. సాకెట్ ఒప్పుకుంటుంది, బయోస్ ఒప్పుకోదు. కొత్త సీలు తియ్యని బాక్సైనా సరే, షెల్ఫులో ఎన్నాళ్లు పడుందన్నదే లెక్క. ఇంటెల్‌లోనూ ఇదే కథ: బీ660 బోర్డు 2022 మొదట్లో వచ్చింది, 13వ తరం ప్రాసెసర్లు ఆ ఏడాది అక్టోబరులో. ఏఎం4 తర్వాత వచ్చిన ఏఎం5 సాకెట్‌లో పాత స్టాక్ బీ650 మీద 2024లో వచ్చిన రైజెన్ 9000 పెట్టినా ఇదే తలనొప్పి.

కొనకముందే అయితే ఇది రెండు నిమిషాల పని. బోర్డు కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీకి వెళ్లి ప్రాసెసర్ సపోర్ట్ జాబితా తెరవండి. అందరూ పేరు కనపడగానే మూసేస్తారు. ఆ వరుసలోనే, ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో ఇంకో గడి ఉంటుంది. దాన్ని చదవండి. వెర్షన్ నంబరు కాగితం మీద రాసుకుని షాపువాడికి చూపించి, "ఇందులో ఇదుందా? లేకపోతే అప్‌డేట్ చేసి ఇవ్వండి" అని బిల్లు వేయించకముందే అడగండి.

ఇప్పటికే కొనేశారా? క్యాబినెట్ వెనక, బోర్డు పోర్టుల దగ్గర, బయోస్ అప్‌డేట్ చేసే ఫ్లాష్ బటన్ ఉందేమో చూడండి. ఉంటే చాలా బోర్డులకు ప్రాసెసర్, ర్యామ్ లేకపోయినా పర్వాలేదు, 24 పిన్నులదీ 8 పిన్నులదీ పెడితే చాలు. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, బయోస్ ఫైలు జిప్ విప్పి, మాన్యువల్‌లో చెప్పిన పేరే పెట్టి, గుర్తున్న యూఎస్‌బీ పోర్టులో గుచ్చి బటన్ నొక్కండి. లైటు మినుకుమంటూ కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ మధ్యలో కరెంటు పోకూడదు. ఇంట్లో ఇన్వర్టరో యూపీఎస్సో ఉంటే దాని మీదే పెట్టండి, వాన మొదలైన సాయంత్రం అసలు ముట్టుకోకండి. బటన్ లేకపోతే పాత ప్రాసెసర్ ఉన్న షాపుకే పోవాలి.

బోర్డు నిజంగా చచ్చిపోవడం, ప్రాసెసర్ పాడైపోయి రావడం చాలా అరుదు, వాటి గురించి ఇప్పుడే ఆలోచించకండి. క్యాబినెట్‌లో బోర్డుని ఎత్తి పట్టే స్టాండాఫ్ స్క్రూ ఒకటి తప్పుచోట ఉండి షార్ట్ అవడమూ అంతే. అనుమానముంటే బోర్డు బయటకి తీసి అట్టపెట్టె మీద పెట్టి ఆన్ చేయండి. ఆ అట్టపెట్టెలు మాత్రం నెల దాకా పాతపేపర్లవాడికి వేయకండి, రిప్లేస్‌మెంట్ అంటే షాపువాడు ముందు అడిగేది అదే.