పరాయి భాష మాటలు పిల్లలకు గుర్తుండాలంటే

పదేళ్ల లోపు పిల్లలకు ఒక పీరియడ్‌లో ఆరు నుంచి ఎనిమిది కొత్త మాటలు చాలు. ఇరవై చెబితే నోట్‌బుక్కు నిండుతుంది, అంతే.

ఏ మాటలన్నది అంతకంటే ముఖ్యం. పాఠ్యపుస్తకాల్లో చాలావరకు రంగులన్నీ ఒక పేజీలో, పండ్లన్నీ ఇంకో పేజీలో ఉంటాయి. చూడ్డానికి పద్ధతిగానే ఉంటుంది కానీ, ఒకే కోవకు చెందిన కొత్త మాటలు ఒకేసారి నేర్చుకుంటే ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. టింకమ్, వేరింగ్ అనే పరిశోధకులు 1990లలో చేసిన ప్రయోగాల్లో తేలింది ఇదే. వ్యతిరేకపదాలతో చిక్కు ఇంకా ఎక్కువ. కుడి, ఎడమ ఒకే రోజు చెబితే ఏది ఏదో చాన్నాళ్లు తికమకపడతారు. ఒకటి నోటికి బాగా అలవాటయ్యాకే రెండోది చెప్పండి. ఒకే సన్నివేశంలో వచ్చే మాటలతో ఈ బెడద ఉండదు: కప్ప, చెరువు, దూకడం, ఆకుపచ్చ.

ముందు వినిపించాలి, తర్వాత పలికించాలి, స్పెల్లింగ్ చివర్న. బొమ్మతోనో సైగతోనో అర్థం కాకపోతే మాతృభాషలో ఒక్క ముక్క చెప్పేయండి. దాన్ని నేరంగా చూసే టీచర్లున్నారు గానీ, నష్టమేమీ లేదు. పదేసిసార్లు రాయించడం మాత్రం మానండి. చెయ్యి రాస్తుంటుంది, ధ్యాస ఎక్కడో ఉంటుంది.

మాట నిలిచేది చూసినప్పుడు కాదు, గుర్తు తెచ్చుకున్నప్పుడు. కార్డుకు ఒకవైపు బొమ్మ, రెండోవైపు మాట ఉండాలి. బొమ్మ చూసి, తిప్పకముందే చెప్పాలి. నాలుగైదు సెకన్లు ఆగండి; వెంటనే అందించేస్తే పిల్లలు వెతుక్కోరు. అందరిచేతా ఒకేసారి చెప్పిస్తే రానివాళ్లు గుంపులో దాక్కుంటారు.

మరుపు మొదటి గంటల్లోనే ఎక్కువని జర్మన్ మనస్తత్వవేత్త ఎబింగ్‌హౌస్ 1885లోనే చూపాడు. అందుకే అదే పీరియడ్ చివర ఒకసారి, మర్నాడు, మూడు రోజులకు, వారానికి, నెలకు మళ్లీ అడగాలి. లెక్క పెట్టుకోలేకపోతే కార్డులను అరల్లో సర్దుకునే లైట్నర్ పెట్టె ఉంది. మూడు అరలు చాలు: మొదటిది రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికోసారి తీయాలి. సరిగ్గా చెబితే కార్డు తర్వాతి అరలోకి వెళుతుంది, తప్పితే ఏ అరలో ఉన్నా మొదటిదానికే వస్తుంది.

వారాంతపు పరీక్షలో ఆ వారం మాటలే అడిగితే ముందురోజు బట్టీపట్టి గట్టెక్కేస్తారు. పదింట్లో నాలుగైనా నెల కిందటివి ఉండాలి, అవి ఏవో ముందుగా చెప్పకూడదు.