ఊరికి గని వస్తుందంటే: ప్రజాభిప్రాయ సేకరణకు ఎలా సిద్ధం కావాలి

పల్నాడులో ఒక మండల కేంద్రంలో, తహసీల్దారు ఆఫీసు ఎదురుగా నాకు జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. మా నేల కింద అంతా సున్నపురాయే. అందుకే గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, వాటి విస్తరణలు మాకు కొత్త కాదు. వాటికి అనుమతి ఇచ్చేముందు ఊరివాళ్ల మాట వినడానికి పెట్టే సభే ప్రజాభిప్రాయ సేకరణ. ఇప్పటికి అలాంటివి ఐదింటికి జనం అభ్యంతరాలు టైపు చేశాను. రెండింట్లో మా ఊరి మనిషిగా నేనే మైకు పట్టుకున్నాను.

మొదటిసారి మాట్లాడినప్పుడు గొంతు పోయేలా అరిచాను. మిర్చి కల్లాలు, పిల్లల దగ్గు, గోడల బీటలు, అన్నీ చెప్పాను. షామియానా కింద జనం చప్పట్లు కొట్టారు. నెల తర్వాత మినిట్స్, అంటే సభలో జరిగింది రాసిన కాగితం, చూస్తే నా పేరు పక్కన ఒకటే వాక్యం: ‘దుమ్ము గురించి ఆందోళన వ్యక్తం చేశారు.’ దానికి కంపెనీ జవాబు: ‘తగు చర్యలు తీసుకుంటాం.’ ఆ రెండు వాక్యాలతోనే మా ఊరి కథ ఢిల్లీ దాకా వెళ్లింది. రెండోసారికి కాగితం సిద్ధం చేసుకుని వెళ్లాం. ‘అక్కా, మా ఊరికీ నోటీసు వచ్చింది, ఏం చెయ్యాలి?’ అని షాపుకొచ్చేవాళ్లకు అప్పటి నుంచి చెబుతున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక అపోహ తీసేసుకోవాలి. ఇది ఓటింగు కాదు. ఎంతమంది వద్దన్నారు, ఎంతమంది కావాలన్నారు అని లెక్కపెట్టి అక్కడికక్కడ తేల్చరు. 2006 సెప్టెంబరు 14న కేంద్రం ఇచ్చిన పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం ఇది జరుగుతుంది. సభ నడిపేది కలెక్టరు గానీ ఆయన తరఫున వచ్చే పెద్ద అధికారి గానీ. పక్కన కాలుష్య నియంత్రణ మండలి ప్రతినిధి ఉంటారు. అనుమతి ఇవ్వడం వాళ్ల చేతుల్లో లేదు. మనం చెప్పింది ఉన్నదున్నట్టు రాసి పంపడమే వాళ్ల పని. ఇంతమంది రావాలన్న కోరం కూడా లేదు. పదిమంది వచ్చినా సభ జరిగినట్టే. కొన్ని ఊళ్లు కోపంతో బహిష్కరిస్తాయి. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ మీరు రాకపోతే ఆ ఖాళీని ఎవరో ఒకరు నింపుతారు. బహిష్కరించినా సరే, అభ్యంతరం మాత్రం రాసి ఇవ్వండి. చిన్న క్వారీల్లో కొన్నింటికి అసలు ఈ సభే ఉండదు. కాబట్టి దొరికిన చోట వదులుకోకూడదు.

నోటీసుకూ సభకూ మధ్య కనీసం 30 రోజులు ఉండాలి. ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన వేస్తారు. మా వైపు పేపరు తెప్పించుకునే ఇళ్లు తగ్గిపోయాయి. అందుకే గ్రామ సచివాలయం నోటీసు బోర్డు చూసి రావడం ఒకరికి అప్పగించుకోండి. ప్రకటన కనపడగానే తేదీ కనిపించేలా కత్తిరించి దాచండి. ముప్పై రోజులకు ఒక్కరోజు తక్కువున్నా ఆ మాటే మీ మొదటి అభ్యంతరం.

ఈ నెల రోజుల్లో చెయ్యాల్సిన పెద్ద పని, గని వల్ల గాలికీ నీళ్లకూ ఊరికీ ఏమవుతుందో కంపెనీ రాయించిన ముసాయిదా నివేదిక చదవడం. కలెక్టరాఫీసు, జిల్లా పరిషత్, జిల్లా పరిశ్రమల కేంద్రం, పంచాయతీ లేదా మున్సిపాలిటీ, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయం, ఇన్ని చోట్ల అది ఉండాలి. సభ అయ్యేవరకూ ఆఫీసు వేళల్లో ఎవరడిగినా చూపించాలి. ఒక ఆఫీసులో మాకు మూడు రోజులు ‘సారు రాలేదు, బీరువా తాళం లేదు’ అన్నారు. నాలుగో రోజు మేం గొడవ పడలేదు. ‘ఫలానా మూడు తేదీల్లో నివేదిక అడిగాం, చూపించలేదు’ అని రెండు వరుసలు రాసి టపాలో ఇచ్చి, మా కాపీ మీద ఇన్‌వార్డు నంబరు వేయించుకున్నాం. మధ్యాహ్నానికి బీరువా తెరిచారు.

తెలుగులో ఇచ్చే సారాంశం పది ఇరవై పేజీలు ఉంటుంది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. అసలు సంగతి ఇంగ్లీషులో ఉన్న పెద్ద పుస్తకంలో ఉంది. భయపడకండి, మొత్తం చదవక్కర్లేదు. కాలేజీకెళ్లే పిల్లల్ని ఇద్దర్ని కూర్చోబెట్టుకుని నాలుగు చోట్లు చూస్తే చాలు.

ఒకటి, గని చుట్టూ 10 కిలోమీటర్ల పటం. మన బడి, గుడి, చెరువు, వాగు అందులో ఉన్నాయా? మేం చూసిన పటంలో మా ఎస్సీ కాలనీ ప్రాథమిక పాఠశాల లేదు. గని హద్దు రాయి నుంచి బడి గేటు దాకా మా పిల్లలు ఫోను పట్టుకుని నడిస్తే 640 మీటర్లు వచ్చింది. రెండు, నీళ్లు: ఎక్కడి నుంచి తెస్తారు, రోజుకు ఎంత, గని ఎంత లోతుకు వెళ్తుంది. మూడు, చివర్లో ఉండే నిర్వహణ ప్రణాళిక పట్టిక: దుమ్ముకు ఎంత ఖర్చు పెడతారు, చెట్లు ఎన్ని, ఎప్పటిలోగా.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం, ఎవరూ చూడనిదీ అదే: గాలి, నీటి నమూనాలు ఏ నెలల్లో తీశారు? వానాకాలం కాకుండా ఏదో ఒక సీజను లెక్కలు తీస్తే నిబంధనకు సరిపోతుంది. మా నివేదికలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీశారు. అప్పుడు మా చేలు పచ్చగా ఉంటాయి, నేలలో తేమ ఉంటుంది, దుమ్ము లేవదు. పీఎం10 అనే సన్న ధూళికి 24 గంటల పరిమితి ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు. వాళ్ల అంకెలన్నీ దానికి చాలా కిందే ఉన్నాయి. మాకు దుమ్ముతో బతుకు పోయేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. అప్పుడు మిర్చి కల్లాల్లో ఆరబోసి ఉంటుంది. తడి తగ్గని కాయ మీద తెల్లదుమ్ము పడితే తుడిస్తే పోదు. గుంటూరు యార్డులో కొనేవాడు గుప్పెట్లోకి తీసుకుని చూసి ధర కోస్తాడు. ఏడాది కష్టం ఆ గుప్పెట్లో ఉంటుంది. నివేదికలో మిర్చి అన్న మాట పంటల జాబితాలో ఉంది గానీ కల్లం అన్న మాట ఎక్కడా లేదు. అది ఇక్కడ బతికే మనకు తెలిసిన విషయం. నమూనాలు తీయడానికి బయటినుంచి వచ్చినాయన ఎంత చదువుకున్నవాడైనా ఆయనకు తెలిసే వీలు లేదు.

శ్రీకాకుళం జిల్లా సోంపేటలో జరిగింది గుర్తు తెచ్చుకోండి. థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఇచ్చిన నేల ఉత్త బంజరు కాదని, అది బీల, అంటే చిత్తడి నేల అని, చేపలూ తాగునీరూ వరీ అన్నీ దాని మీదే ఆధారపడ్డాయని అక్కడివాళ్లు చెబుతూ వచ్చారు. 2010 జులై 14న జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. అదే రోజు అక్కడ పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. ఆ తేదీ తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె బరువెక్కుతుంది. నేల గురించి అక్కడ బతికేవాళ్లకు తెలిసింది సమయానికి కాగితం మీదికి ఎక్కడం, ఎక్కినదాన్ని పైనున్నవాళ్లు చదవడం ఎంత అవసరమో దానికన్నా వేరే ఉదాహరణ అక్కర్లేదు.

ఇక అభ్యంతరం రాయడం. ‘మా బతుకులు నాశనం అవుతాయి’ అని రాస్తే అది నిజమే కావచ్చు, కానీ దానికి జవాబు చెప్పకుండా తప్పించుకోవడం తేలిక. నివేదికలో ఏ పేజీ, ఏం రాశారు, ఊళ్లో నిజం ఏమిటి, రుజువేమిటి, మీరు ఏం అడుగుతున్నారు, ఈ వరుసలో రాయండి. నేను టైపు చేసిన ఒకటి ఇలా ఉంది:

‘ముసాయిదా నివేదికలో గాలి నమూనాలు అక్టోబరు–డిసెంబరు నెలల్లో తీసినట్టు ఉంది. మా గ్రామంలో మిర్చి ఫిబ్రవరి–ఏప్రిల్ నెలల్లో ఆరుబయట కల్లాల్లో ఆరుతుంది. గని హద్దుకు కిలోమీటరు లోపు ఉన్న 23 కల్లాల జాబితా, ఫోటోలు జతపరిచాము. ఆ నెలల్లో కల్లాల దగ్గర మళ్లీ నమూనాలు తీయించాలి. మిర్చి కాలంలో టిప్పర్లు ఊరి దారిన కాక వేరే దారిన నడిపేలా అనుమతి షరతుల్లో రాయాలి.’

ఒక్కో విషయానికి ఒక్కో పేరా, దానికో నంబరు. నంబరు ఉంటే జవాబు ఎగ్గొట్టడం కష్టం. అందరూ ఒకే కాగితం జిరాక్సు తీసి సంతకాలు పెట్టకండి. షాపు నాదే అయినా చెబుతున్నాను, వంద కాపీలు ఒక్క అభ్యంతరం కిందే లెక్క. బోర్లున్న రైతు బోరు గురించి రాయాలి, బడి పిల్లల తల్లి బడి గురించి, గొర్రెలు మేపేవాళ్లు మేత బీడు గురించి. మా ఊళ్లో కుర్రాళ్లు వారం తిరిగి 41 బోర్ల లోతు, ఎండాకాలంలో నీళ్లు పడే గంటలు ఒక నోటుబుక్కులో రాశారు. ఇంకో ఇద్దరు టీకొట్టు దగ్గర పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా టిప్పర్లు లెక్కపెట్టారు. పైసా ఖర్చు లేని పని.

కాగితం సభ రోజు దాకా దాచుకోవద్దు. వారం ముందే కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి ఒకటి, కలెక్టరాఫీసుకు ఒకటి ఇవ్వండి. మూడో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకుని ఇంట్లో పెట్టుకోండి. వెళ్లలేకపోతే స్పీడ్ పోస్టు చేసి రసీదు దాచండి. ఊళ్లో లేనివాళ్లు కూడా రాయొచ్చు. సభలో మాట ముందుగా స్థానికులదే అయినా, సంబంధం ఉన్న ఇతరులు రాతపూర్వకంగా పంపే వీలు ఆ నోటిఫికేషన్‌లోనే ఉంది. మా బాబాయి కొడుకు డాలస్‌లో ఉంటాడు. గని పక్కన అతనికి రెండెకరాలు ఉంది. నోటీసులో ఇచ్చిన ఈమెయిలుకు అక్కడినుంచే పంపాడు.

సభ రోజు పొద్దున్నే వెళ్లి పేరు రాయించుకోండి. ఆడవాళ్లను ముందు వరుసల్లో కూర్చోబెట్టండి. వెనక నిలబడితే మైకు వాళ్లదాకా రాదు. మొదట కంపెనీ తరఫున ప్రాజెక్టు గురించి చెబుతారు. తర్వాత వచ్చిన ప్రతి ఒక్కరికీ అడిగే హక్కు ఉంది. మీ వంతు వచ్చాక ఊరు, పేరు, ‘నా రాతపూర్వక అభ్యంతరం ఫలానా తేదీన ఇచ్చాను, అందులో మూడో అంశం చెబుతున్నాను’ అని మొదలుపెట్టండి. రెండు మూడు నిమిషాల్లో ఒక్క సంగతి చెప్పి కూర్చోండి. ఉద్యోగాలు వస్తాయని గని కావాలనేవాళ్లు కూడా వస్తారు. వాళ్లతో తగువు పెట్టుకోవద్దు. వాళ్లూ మన పిల్లలే, వాళ్లకు పని కావాలి. ఆ ఉద్యోగాల గురించీ మీరే అడగండి: పర్మనెంటు ఎన్ని, కాంట్రాక్టు ఎన్ని, మా పంచాయతీకి ఎన్ని? సభ అంతా వీడియో తీస్తారు, మీరూ ఫోన్లో తీసుకోండి.

మధ్యాహ్నానికి జనం లేచిపోతారు. దయచేసి వెళ్లొద్దు. చివర్లో అందరి మాటల సారాంశం తెలుగులో చదివి వినిపించాలి, ఆ రోజే సంతకం కావాలి. మొదటిసారి మేం భోజనానికి వెళ్లిపోయాం. నా మాట ఒక్క వాక్యమైంది అప్పుడే. రెండోసారి పదిహేనుమంది ఉండిపోయాం. బడి దూరం రాయలేదని మా సర్పంచమ్మ లేచి చెబితే, అప్పటికప్పుడు పెన్నుతో చేర్చారు.

ఎనిమిది రోజుల్లో ఆ మినిట్స్ పైకి వెళ్తాయి. పంచాయతీ ఆఫీసులో అతికించాలి, మండలి వెబ్‌సైట్లో పెట్టాలి. ప్రజలు లేవనెత్తిన అంశం ఒక వైపు, కంపెనీ జవాబు ఇంకో వైపు ఉండే పట్టిక కూడా జత చేస్తారు. ‘తగు చర్యలు’ లాంటి జవాబు కనపడితే వదలొద్దు, ‘ఏ చర్య, ఎప్పటిలోగా, ఎంత ఖర్చుతో’ అని నేరుగా అనుమతి పరిశీలించే కమిటీకి రాయండి. ప్రాజెక్టు ఎక్కడిదాకా వచ్చిందో పరివేష్ అనే కేంద్రం పర్యావరణ అనుమతుల వెబ్‌సైట్లో తెలుస్తుంది. గోవాలోని ఒక గని కేసులో 2009లో ఢిల్లీ హైకోర్టు, ప్రజల అభ్యంతరాలను కమిటీ నిజంగా పరిశీలించాలని, ఎందుకు ఒప్పుకుందో ఎందుకు కాదందో కారణాలు రాయాలని చెప్పింది. మీ లేఖలో ఆ సంగతి ప్రస్తావించండి. అనుమతి వచ్చేసి, అన్యాయం జరిగిందనిపిస్తే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు 30 రోజుల్లో అప్పీలు చేయాలి. సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు. మనకు చెన్నై బెంచి.

మా గనికి అనుమతి వచ్చింది, ఆపలేకపోయాం. కానీ షరతుల్లో టిప్పర్లకు ఊరి బయట నుంచి దారి, బడి వైపు చెట్ల వరుస, ఫిబ్రవరి–ఏప్రిల్ నెలల్లో కల్లాల దగ్గర గాలి కొలతలు ఉన్నాయి. షరతులు ఎలా పాటిస్తున్నారో ఆరు నెలలకోసారి, జూన్ 1కి, డిసెంబరు 1కి కంపెనీ నివేదిక ఇవ్వాలి. ఆ రెండు తేదీలూ షాపు క్యాలెండర్లో ఎర్ర పెన్నుతో చుట్టి పెట్టాను. ఈసారి నివేదికలో దారి మీద రోజుకు మూడుసార్లు నీళ్లు చల్లుతున్నట్టు రాశారు. తేదీ, గంట పడేలా మా పిల్లలు తీసిన ఎనిమిది రోజుల ఫోటోల్లో నీళ్లు చల్లింది రెండు రోజులే. ఆ అర్జీయే ఇప్పుడు టైపు చేస్తున్నాను, రేపు పొద్దున బస్సుకు ఇచ్చి రావాలి.