తాతముత్తాతల పేర్లు ఎక్కడ వెతకాలి

అనంతపురం, కడప పల్లెల్లో తమ రైతు కుటుంబం వంశవృక్షం రాసుకునేవాళ్లు జనాభా లెక్కల మీద ఆశ పెట్టుకోవద్దు. 1948 జనగణన చట్టం ప్రకారం ఇంటింటి వివరాలు రహస్యం, బయటికిచ్చేది ఊరి మొత్తం లెక్కలే.

ముందు పొలం గట్టున, బావి దగ్గర ఉన్న సమాధులు చూడండి. అరిగిపోయిన అక్షరాలు పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఏటవాలు ఎండలో బాగా తేలతాయి, అప్పుడే ఫోటో తీయండి. ఇనుప బ్రష్షుతో గీకొద్దు, యాసిడ్ అసలే పోయొద్దు. చెరిగిన పేరును మళ్లీ ఎవరూ తెచ్చివ్వలేరు. రాయి మీద ‘విరోధి నామ సంవత్సరం’ అని మాత్రమే ఉంటే అది 1889 కావచ్చు, 1949 కావచ్చు, 2009 కూడా కావచ్చు. అరవై ఏళ్లకోసారి అదే పేరు వస్తుంది. ఆ సమాధిలో ఉన్నాయన పిల్లల వయసులు పక్కన రాసుకుంటే వాటిలో అది ఏ ఏడాదో తేలిపోతుంది.

ఆ పేరు, పొలం సర్వే నంబరు పట్టుకుని తాసిల్దారు ఆఫీసులో ఆర్ఎస్ఆర్ (పాత భూముల సర్వే, శిస్తు వివరాలు రాసిన రిజిస్టరు) నకలుకు అర్జీ పెట్టండి. అందులో అప్పటి పట్టాదారు పేరు ఉంటుంది. పట్టాల్లో ఆడబిడ్డల పేర్లు దొరకడం అరుదు. వాళ్ల కోసం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత భాగపరిష్కార దస్తావేజులు, పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమి కాగితాలు తప్పక వెతకండి.